ఇంటి గది – వృత్తివ్యయం: స్వతంత్రవృత్తిదారుల ఆదాయపు పన్ను లెక్కింపు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అనువాదం, గ్రంథరచన, ప్రూఫులు దిద్దడం, సంపాదకత్వం, ఉపశీర్షికల రచన వంటి పనులను ఇంటి నుండే చేస్తూ ఆదాయం పొందుతున్న అధ్యాపకులు, పరిశోధకులు ఎందరో ఉన్నారు. ఈ పనికి వాడే గది అద్దె, విద్యుత్తు, ఇంటర్నెట్టు, కంప్యూటరు, పుస్తకాల ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఎంతవరకు చూపవచ్చునో చాలామందికి స్పష్టత లేదు. భారతీయచట్టంలో ఇంటి కార్యాలయానికి ప్రత్యేకమైన రాయితీ లేదు. ఆ ఖర్చు వృత్తివ్యయంగా మాత్రమే లెక్కలోకి వస్తుంది. ఈ భేదం వల్ల కలిగే ఫలితాలను 1961 ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ల ఆధారంగా, ఒక లెక్కతో సహా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: ఆదాయపు పన్ను, స్వతంత్రవృత్తి, వృత్తివ్యయం, ఇంటి కార్యాలయం, తరుగుదల, అనువాదకులు, అధ్యాపకులు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు శాఖల్లో పనిచేసే అధ్యాపకులు, పరిశోధకులు చాలామందికి జీతం లేదా ఫెలోషిప్పుతో పాటు మరొక రాబడి ఉంటుంది. ప్రచురణసంస్థలకు అనువాదం చేసేవారు, పత్రికలకు రాసేవారు, పాఠ్యపుస్తకాలు పరిష్కరించేవారు, చిత్రాలకు మాటలు రాసేవారు వీరిలో ఉన్నారు. ఈ పనికి వేరే కార్యాలయం ఉండదు. ఇంట్లో ఒక గది, ఒక బల్ల, నిఘంటువుల బీరువా, కంప్యూటరు – ఇదే కార్యాలయం.

సంవత్సరాంతంలో పన్ను రిటర్ను వేసే సమయంలో రెండు రకాల పొరపాట్లు కనబడతాయి. కొందరు వచ్చిన మొత్తాన్నంతా ఆదాయంగా చూపి, తాము పెట్టిన ఖర్చును వదిలివేస్తారు. మరికొందరు అంతర్జాలంలో చదివిన విదేశీ నియమాలను నమ్మి, ఇంటి అద్దెలో సగాన్ని ఖర్చుగా రాసేస్తారు. మొదటి పొరపాటు వల్ల అవసరం లేని పన్ను కట్టవలసి వస్తుంది. రెండవదాని వల్ల అపరాధరుసుము వస్తుంది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే: గది ఖర్చు చట్టం దృష్టిలో ఏమవుతుందో తెలియకపోవడం.

2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దానిలో సెక్షన్ల సంఖ్యలు మారాయి. అయితే 2025–26 ఆర్థికసంవత్సరం వరకు సంపాదించిన ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఆ చట్టంలోని సంఖ్యలనే ఇస్తున్నాను. ఇక్కడ చర్చించే మూలసూత్రాలు కొత్తచట్టంలోనూ కొనసాగుతున్నాయి.

2. రాయితీ, వ్యయం – భేదం:

పన్ను లెక్కలో తీసివేతలు రెండు దశల్లో జరుగుతాయి. మొదటి దశలో, ఆదాయం ఎంతో తేల్చడానికి దాన్ని సంపాదించడానికి అయిన ఖర్చును తీసివేస్తారు. రెండవ దశలో, అలా తేలిన ఆదాయం నుండి ప్రభుత్వం ఏదో ఒక ప్రయోజనాన్ని ప్రోత్సహించడానికి ఇచ్చిన రాయితీని తీసివేస్తారు. భవిష్యనిధిలో దాచుకున్న సొమ్ముకు 80సీ కింద ఇచ్చేది రాయితీ. గ్రంథకర్తల రాయల్టీకి 80క్యూక్యూబీ కింద 3 లక్షల రూపాయల వరకు ఇచ్చేది కూడా రాయితీయే.

115బీఏసీ కింద వచ్చిన కొత్త పన్ను విధానంలో 80సీ, 80క్యూక్యూబీ వంటి రాయితీలు లేవు. ఇప్పుడు ఈ విధానమే సహజంగా వర్తిస్తుంది. పాతవిధానం కావాలనుకున్నవారే ప్రత్యేకంగా కోరుకోవాలి. దీనివల్ల "కొత్తవిధానంలో ఏ ఖర్చూ చూపడానికి వీలులేదు" అన్న అభిప్రాయం వ్యాపించింది. ఇది సరికాదు. వృత్తి ఆదాయాన్ని తేల్చే 30 నుండి 37 వరకు ఉన్న సెక్షన్లలోని సాధారణవ్యయాలు రెండు విధానాల్లోనూ ఉన్నాయి. గది అద్దె రాయితీ అయితే కొత్తవిధానంలో పోయేది. అది వ్యయం కాబట్టి నిలిచింది.

జీతానికి మాత్రం ఈ సూత్రం వర్తించదు. జీతం నుండి ఏమి తీసివేయవచ్చునో సెక్షన్ 16 పరిమితంగా చెబుతుంది. కొత్తవిధానంలో 75,000 రూపాయలు, పాతవిధానంలో 50,000 రూపాయలు ప్రామాణిక తగ్గింపుగా ఇస్తారు. అధ్యాపకుడు ఇంట్లో కూర్చుని పాఠం సిద్ధం చేసుకున్నా, జవాబుపత్రాలు దిద్దినా, ఆ గది ఖర్చును జీతం నుండి తీసివేసుకునే వీలు లేదు. ఒకే గది, ఒకే బల్ల అయినప్పటికీ, ఉదయం కళాశాల పనికి వాడినప్పుడు లెక్కకు రాని ఖర్చు, సాయంత్రం అనువాదానికి వాడినప్పుడు లెక్కకు వస్తుంది.

3. రాబడి శీర్షిక:

గది ఖర్చు గురించి ఆలోచించే ముందు వచ్చిన సొమ్ము "వృత్తి ఆదాయం" అవునో కాదో చూడాలి. ఎప్పుడో ఒకసారి ఇచ్చిన ప్రసంగానికి వచ్చిన పారితోషికం సాధారణంగా "ఇతర ఆదాయం" కిందికి వెళుతుంది. దాని నుండి సెక్షన్ 57 కింద ఆ సొమ్ము సంపాదించడానికే నేరుగా అయిన ఖర్చు మాత్రమే తీసివేయవచ్చు. ఏడాది పొడవునా పెట్టుకున్న గది అద్దెను దానికి ముడిపెట్టడం కష్టం.

క్రమబద్ధంగా, నైపుణ్యంతో, కొనసాగింపుగా చేసే పని వృత్తి అవుతుంది. చట్టం ఈ పదానికి విస్తృతమైన అర్థమే ఇచ్చింది. 1958లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పి. కృష్ణమీనన్ కేసు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పోలీసుశాఖలో పనిచేసి పదవీవిరమణ చేసిన ఆయన శిష్యులకు వేదాంతం బోధించేవారు. ఒక విదేశీ శిష్యుడు ఆయనకు పెద్దమొత్తాలు సమర్పించాడు. లాభాపేక్ష లేకపోయినా, క్రమంగా సాగిన ఆ బోధన వృత్తియేననీ, దాని మూలంగా వచ్చిన సొమ్ము ఆదాయమేననీ న్యాయస్థానం నిర్ణయించింది. వేదాంతబోధనే వృత్తి అయినప్పుడు, ప్రచురణసంస్థలతో ఒప్పందాలు చేసుకుని ఏటా పుస్తకాలు అనువదించే వ్యక్తి పని వృత్తి కాదనడానికి ఆస్కారం లేదు. పన్ను విధించడానికి వృత్తి అయినది వ్యయం అనుమతించడానికీ వృత్తియే.

చెల్లించినవారు మూలంలో పన్ను కోసినంత మాత్రాన ఈ ప్రశ్న తేలిపోదు. ఆ కోత చెల్లింపుపై వేసేది. ఖర్చు పోగా మిగిలిన ఆదాయంపై కాదు. ఏ సెక్షన్ కింద కోశారన్నది కూడా రాబడి శీర్షికను నిర్ణయించదు. కోసిన పన్ను 26ఏఎస్ పట్టికలో కనబడుతుంది. తుది లెక్కలో దాన్ని సర్దుబాటు చేసుకోవాలి.

పరిశోధక విద్యార్థుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. విద్యావ్యయం కోసం ఇచ్చే ఉపకారవేతనానికి సెక్షన్ 10(16) కింద పన్ను లేదు. పన్ను లేని ఆదాయానికి సంబంధించిన ఖర్చును మరొక ఆదాయం నుండి తీసివేయరాదని సెక్షన్ 14ఏ చెబుతుంది. కాబట్టి సిద్ధాంతగ్రంథ రచనకు వాడిన గది ఖర్చును అనువాదం ఖాతాలో రాయకూడదు.

4. గదికి కొలత:

4.1 అద్దె ఇల్లు:

వృత్తికి వాడే భవనం అద్దె, మరమ్మతులు, స్థానిక పన్నులు, బీమా – వీటిని సెక్షన్ 30 అనుమతిస్తుంది. భవనంలో కొంతభాగంలో నివసిస్తూ కొంతభాగంలో వృత్తి చేసుకునే సందర్భాన్ని సెక్షన్ 38 విడిగా గుర్తించింది. అప్పుడు వృత్తికి వాడిన భాగానికి తగిన వాటా మాత్రమే వ్యయం అవుతుంది. విద్యుత్తు, ఇంటర్నెట్టు, ముద్రణ వంటి మిగిలిన ఖర్చులు సెక్షన్ 37(1) కిందికి వస్తాయి. అవి పూర్తిగా, కేవలం వృత్తి కోసమే పెట్టినవై ఉండాలి. వ్యక్తిగతవ్యయం, మూలధనవ్యయం ఇందులో చేరవు.

వాటాకు చట్టం ఒక సూత్రం రాసిపెట్టలేదు. న్యాయమైన నిష్పత్తి ఉండాలని మాత్రమే చెప్పింది. ఆచరణలో రెండు జల్లెడలు పట్టడం సమంజసం. మొదటిది వైశాల్యం: ఇంటి విస్తీర్ణంలో గది ఎంత? రెండవది వాడకం: ఆ గది సమయంలో వృత్తికి ఎంత? కళాశాల పనికి, పిల్లల చదువుకు కూడా అదే గదిని వాడితే రెండవ జల్లెడ తప్పదు.

పాతవిధానంలో ఇంటి అద్దె భత్యంపై సెక్షన్ 10(13ఏ) మినహాయింపు పొందుతున్నవారు గది వాటాను ఆ అద్దె నుండి తగ్గించి చూపాలి. ఒకే రూపాయిని నివాసానికి ఒకసారి, వృత్తికి మరొకసారి లెక్కించరాదు. తల్లిదండ్రులకో, భార్యకో, భర్తకో అద్దె చెల్లిస్తున్నట్లయితే ఆ చెల్లింపు నిజంగా జరిగి ఉండాలి. అది వారి ఆదాయంలోనూ కనబడాలి. బంధువులకు అసమంజసంగా ఎక్కువ చెల్లిస్తే, ఆ అధికభాగాన్ని సెక్షన్ 40ఏ(2) కింద అధికారి తోసిపుచ్చవచ్చు.

4.2 సొంత ఇల్లు:

సొంత ఇంట్లో పనిచేసేవారు తమకు తామే అద్దె కట్టుకున్నట్లు రాసుకోవడానికి వీలులేదు. కట్టని అద్దె వ్యయం కాదు. అయితే యజమాని తన వృత్తికి వాడుకునే భాగాన్ని సెక్షన్ 22 "గృహ ఆదాయం" పరిధి నుండి తప్పించింది. ఆ భాగానికి ఇంటిపన్ను, బీమా, మరమ్మతులు, గృహరుణంపై వడ్డీ – వీటిలో తగిన వాటాను వృత్తివ్యయంగా చూపవచ్చు. సొంతంగా నివసించే ఇంటి రుణంపై వడ్డీకి కొత్తవిధానంలో తగ్గింపు లేదు కాబట్టి ఈ వాటాకు ప్రాధాన్యం పెరిగింది.

భవనంపై తరుగుదల కూడా ఉంది. కానీ దాన్ని తీసుకునే ముందు ఆలోచించాలి. తరుగుదల పొందిన భాగాన్ని తరువాత అమ్మితే, ఆ భాగంపై వచ్చిన లాభాన్ని సెక్షన్ 50 స్వల్పకాలిక మూలధనలాభంగా పరిగణిస్తుంది. ఏటా కొన్ని వేల రూపాయల తగ్గింపు కోసం ఇల్లు అమ్మేనాడు ఎక్కువ పన్ను కట్టవలసి రావచ్చు.

4.3 సామగ్రి, పుస్తకాలు:

కంప్యూటరు, బల్ల, బీరువా మూలధన వస్తువులు. వీటి ధరను ఒకేసారి వ్యయంగా రాయరాదు. ఏటా తరుగుదల తీసుకోవాలి. కంప్యూటరుకు 40 శాతం, ఫర్నిచరుకు 10 శాతం రేటు ఉంది. కొన్న సంవత్సరంలో 180 రోజుల కన్న తక్కువ వాడితే ఇందులో సగమే వస్తుంది.

పుస్తకాల విషయం సాహిత్యవిద్యార్థులకు ఆసక్తి కలిగించేది. సెక్షన్ 43(3)లో యంత్రసామగ్రికి ఇచ్చిన నిర్వచనంలో ఓడలు, వాహనాలు, వైద్యపరికరాలతో పాటు పుస్తకాలు కూడా ఉన్నాయి. వృత్తికి కొన్న నిఘంటువు చట్టం దృష్టిలో వడ్రంగి బాడిసె వంటిదే. దానికి 40 శాతం తరుగుదల ఉంది. అభిరుచి కొద్దీ కొన్న నవలకు ఇది వర్తించదు.

5. అమెరికా నియమంతో పోలిక:

అంతర్జాలంలో ఈ విషయంపై దొరికే సమాచారంలో అధికభాగం అమెరికాకు సంబంధించినది. అక్కడి చట్టంలో 1976లో చేర్చిన 280ఏ అనే ప్రత్యేకసెక్షన్ ఉంది. దాని ప్రకారం ఇంట్లోని ఆ భాగాన్ని నియతంగా, కేవలం వృత్తికే వాడాలి. గదిలో అతిథుల కోసం మంచం వేస్తే హక్కు పోవచ్చు. ఆ భాగం వృత్తికి ప్రధానస్థానమా కాదా అన్న ప్రశ్నపై 1993లో సోలిమన్ అనే వైద్యుని కేసులో అక్కడి సుప్రీంకోర్టు కఠినంగా తీర్పు చెప్పింది. 1997లో చట్టసభ ఆ నిర్వచనాన్ని సడలించింది. 2013 నుండి చదరపు అడుగుకు 5 డాలర్ల చొప్పున, 300 చదరపు అడుగులకు మించకుండా లెక్కించే సులభమార్గం కూడా అక్కడ ఉంది.

భారతదేశంలో ఇటువంటి చదరపు అడుగు రేటు లేదు. అలాగే, గదిని మరే పనికీ వాడకూడదన్న నిషేధమూ లేదు. అమెరికా చట్టం స్థలం ప్రత్యేకంగా ఉండాలని కోరుతుంది. మన చట్టం స్థలాన్ని పంచుకోనిస్తుంది. లెక్కను మాత్రం పంచి చూపమంటుంది. అమెరికాలో స్థిరపడి అక్కడ పన్ను కట్టే తెలుగువారు ఆ నియమాన్ని, ఇక్కడ కట్టేవారు ఈ నియమాన్ని పాటించాలి. ఒకదాని సౌలభ్యాన్ని మరొకదానిలోకి తెచ్చుకోరాదు.

6. ఊహాత్మక ఆదాయ విధానం:

లెక్కలు రాయడం కష్టమనుకునే కొందరికి సెక్షన్ 44ఏడీఏ మరొక మార్గం చూపుతుంది. స్థూలరాబడిలో కనీసం 50 శాతాన్ని ఆదాయంగా చూపితే ఖర్చుల వివరాలు అడగరు. రాబడి 50 లక్షలకు మించకూడదు. నగదు రాబడి 5 శాతంలోపు ఉన్నప్పుడు ఈ పరిమితి 75 లక్షలు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఈ మార్గంలో మిగిలిన సగంలోనే అన్ని ఖర్చులూ కలిసి ఉన్నట్లు చట్టం భావిస్తుంది. దానిపై మళ్లీ గది అద్దె తీసివేయరాదు. రెండవది, ఇది అన్ని వృత్తులకూ లేదు. న్యాయం, వైద్యం, ఇంజనీరింగు, వాస్తుశిల్పం, అకౌంటెన్సీ, సాంకేతికసలహా, గృహాలంకరణ, ప్రకటితమైన మరికొన్ని వృత్తులు మాత్రమే ఈ జాబితాలో ఉన్నాయి. సినిమా కళాకారుల నిర్వచనంలో కథారచయిత, మాటల రచయిత, పాటల రచయిత చేరారు. గ్రంథానువాదకుని పేరు, ప్రూఫులు దిద్దేవారి పేరు లేవు. సినిమాకు పాట రాసే కవికి ఉన్న సౌలభ్యం, మహాకావ్యాన్ని అనువదించే పండితునికి లేదన్నమాట. అతను వాస్తవమైన రాబడి, వ్యయాలతోనే లెక్క చూపాలి. అందుకే గది ఖర్చు ప్రశ్న అతనికి మరింత ముఖ్యమైనది.

7. ఒక లెక్క:

ప్రైవేటు కళాశాలలో పనిచేస్తూ అనువాదాలు చేసే ఒక అధ్యాపకురాలిని ఊహించుకుందాం. 2025–26లో ఆమె జీతం 11,40,000 రూపాయలు. ప్రామాణిక తగ్గింపు 75,000 పోగా మిగిలినది 10,65,000. అనువాదాల రాబడి 2,40,000. ఆమె కొత్తవిధానంలో ఉన్నారు.

ఇంటి అద్దె నెలకు 18,000, అంటే ఏడాదికి 2,16,000. ఇల్లు 1,080 చదరపు అడుగులు, గది 120 చదరపు అడుగులు. గది వాటా తొమ్మిదవవంతు, అంటే 24,000. ఆ గదిని మూడింట రెండువంతులు అనువాదానికి, ఒకవంతు కళాశాల పనికి వాడుతున్నారు. కాబట్టి లెక్కకు వచ్చేది 16,000. ఇదే పద్ధతిలో మిగిలినవి:

అద్దె వాటా – 16,000
విద్యుత్తు (ఏడాదికి 27,000లో గది వాటా 3,000, అందులో మూడింట రెండువంతులు) – 2,000
ఇంటర్నెట్టు (9,000లో మూడవవంతు) – 3,000
జూన్‌లో 60,000కు కొన్న కంప్యూటరుపై తరుగుదల 24,000లో మూడింట రెండువంతులు – 16,000
అదే నెలలో 10,000కు కొన్న నిఘంటువులపై తరుగుదల – 4,000
టైపింగు, ప్రూఫుల ఖర్చు – 18,000
సాఫ్ట్‌వేర్ చందా – 6,000
మొత్తం – 65,000

వృత్తి ఆదాయం 1,75,000 అయింది. జీతంతో కలిపి మొత్తం ఆదాయం 12,40,000.

కొత్తవిధానంలో ఆ సంవత్సరానికి 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి సెక్షన్ 87ఏ రాయితీ వల్ల పన్ను ఉండదు. 12 లక్షలు కొద్దిగా దాటినవారికి, దాటిన మొత్తానికి మించి పన్ను పడకుండా ఉపశమనం ఉంది. ఆమెకు శ్లాబుల ప్రకారం 66,000 రావలసిన పన్ను, ఈ ఉపశమనంతో 40,000 అవుతుంది. 4 శాతం సెస్సుతో కలిపి 41,600.

ఇంటి ఖర్చులైన అద్దె, విద్యుత్తు, ఇంటర్నెట్టు – మొత్తం 21,000 – ఆమె చూపకపోతే ఆదాయం 12,61,000, పన్ను సెస్సుతో 63,440. అంటే 21,000 ఖర్చు చూపడం వల్ల తగ్గిన పన్ను 21,840. ఏ ఖర్చూ చూపకపోతే ఆదాయం 13,05,000, పన్ను 78,780.

ఈ సన్నని పరిధిలో ఖర్చుగా చూపిన ప్రతి రూపాయీ రూపాయి పైచిలుకు పన్నును తగ్గిస్తుంది. న్యాయమైన ఖర్చును వదిలివేసిన వ్యక్తికి ఇది పెద్ద నష్టం. లేని ఖర్చును కల్పించడానికి ఇది పెద్ద ప్రలోభం కూడా. ఇదే అధ్యాపకురాలు కళాశాల పనికి వాడిన మూడవవంతును దాచి, గది ఖర్చంతా అనువాదానిదే అని రాస్తే మరికొన్ని వేలు మిగులుతాయి. కానీ అది తప్పుడు లెక్క. మొత్తం ఆదాయం 12 లక్షల లోపే ఉన్నవారికి మాత్రం, ఖర్చు చూపినా చూపకపోయినా ఈ విధానంలో పన్ను సున్నాయే. వారు గది వైశాల్యం గురించి మథనపడవలసిన అవసరం లేదు.

8. ఆధారాలు:

వాటా న్యాయమైనదని చూపే బాధ్యత పన్నుదారునిదే. అద్దె ఒప్పందం, బ్యాంకు ద్వారా చెల్లించిన అద్దె, ఇంటి కొలతలతో ఒక చిన్న చిత్తుపటం, విద్యుత్తు బిల్లులు, కొనుగోలు రసీదులు, ప్రచురణసంస్థల ఒప్పందాలు, పని జరిగిన తేదీల నమోదు – ఇవి సరిపోతాయి. ఒకే వ్యక్తికి ఒకేరోజు 10,000కు మించి నగదుగా చెల్లించిన వృత్తివ్యయాన్ని సెక్షన్ 40ఏ(3) అనుమతించదు.

వృత్తి ఆదాయాన్ని వాస్తవలెక్కతో చూపేవారు ఐటీఆర్–3 పత్రాన్ని వాడాలి. జీతగాళ్లకు అలవాటైన ఐటీఆర్–1 చెల్లదు. కోతలు పోగా కట్టవలసిన పన్ను 10,000 లేదా అంతకు మించితే ముందస్తు పన్ను వాయిదాలు కట్టాలి. ఆదాయాన్ని తక్కువ చూపితే సెక్షన్ 270ఏ కింద ఎగ్గొట్టిన పన్నులో 50 శాతం, తప్పుడు వివరాలతో చూపితే 200 శాతం అపరాధరుసుము ఉంటుంది. జీతం పొందేవారు ఇటువంటి పనికి తమ సేవానియమాలు, ఫెలోషిప్పు పొందేవారు దాని నిబంధనలు అనుమతిస్తున్నాయో లేదో ముందే చూసుకోవాలి.

9. ముగింపు:

• భారతీయచట్టంలో ఇంటి కార్యాలయ ఖర్చు రాయితీ కాదు. వృత్తి ఆదాయాన్ని తేల్చడంలో భాగమైన వ్యయం. అందువల్లనే అది కొత్త పన్ను విధానంలోనూ నిలిచింది.

• జీతానికి, ఉపకారవేతనానికి సంబంధించిన పనికి ఈ వ్యయం వర్తించదు. ఒకే గదిలో రెండు పనులు చేసేవారు వాటిని విడదీసి చూపాలి.

• గదిని పూర్తిగా వృత్తికే కేటాయించాలన్న నిబంధన లేదు. వైశాల్యం, వాడకం అనే రెండు నిష్పత్తులు న్యాయంగా ఉండాలి.

• ఊహాత్మక విధానం సినిమా రచయితలకు ఉంది, గ్రంథానువాదకులకు లేదు. ఈ వ్యత్యాసాన్ని సవరించడం విధానకర్తలు ఆలోచించదగిన విషయం.

• మొత్తం ఆదాయం 12 లక్షలకు కొంచెం పైన ఉన్న అధ్యాపకులకు ఈ లెక్క వల్ల కలిగే ప్రయోజనం అందరికన్న ఎక్కువ. జాగ్రత్త అవసరమైనది కూడా వారికే.

అనువాదకుని పని ఇంట్లో జరుగుతుంది కాబట్టి అది ఖర్చు లేని పని అని సమాజం అనుకుంటుంది. చాలాసార్లు అనువాదకుడు కూడా అలాగే అనుకుంటాడు. గది అద్దెలో తన పని వాటా ఎంతో ఒక్కసారి కాగితం మీద లెక్కవేసుకుంటే పన్ను సంగతి తేలుతుంది. ప్రచురణసంస్థతో పారితోషికం మాట్లాడుకునేటప్పుడు తన శ్రమకు అసలు ఖరీదెంతో చెప్పడానికి కూడా ఆ కాగితం పనికివస్తుంది.